కొసరు

పొద్దున్న ఆరింటికి పోస్టాఫీసు నుంచి ఫోను.
"మీ పెట్టె ఒకటే అరుపు, వచ్చి పట్టుకుపోండి,
ఉత్తరాలు సర్దుకోనివ్వడం లేదు నన్ను."
ఏప్రిల్ సగం అయింది. కేప్ బ్రెటన్ ఒడ్డున
సముద్రం ఇంకా మంచుపలకలు నములుతూనే ఉంది.
పెట్టె నా ఒళ్ళో. ట్రక్కు హీటరు చివరిదాకా తిప్పి
చెమటలు కక్కుతూ లాక్లన్ గొణిగాడు:
"ఇంట్లో మాత్రం కాదు. ఈసారి ఇంట్లో మాత్రం కాదు."

స్నానాల తొట్టిలో దించాం.
ఒక్కోదాని ముక్కూ నీళ్ళలో ముంచి
తాగడం నేర్పింది ఇష్బెల్.
డబ్బు కట్టింది ఇరవై ఐదుకి.
లెక్కపెడితే ఇరవై ఆరు.
మళ్ళీ పెట్టినా ఇరవై ఆరే.
"దారిలో ఒకటి పోతుందని ముందే వేస్తారు,"
అన్నారు మా అత్తగారు మర్డీనా, "కొసరు."
ఏదీ పోలేదు.

అప్పట్నుంచి మాకు సింకు దగ్గరే తలంట్లు,
శనివారం శనివారం టవళ్ళు చంకన పెట్టుకుని పక్కింటికి.
పిండిలాంటి దుమ్ము అద్దం మీద, బ్రష్షుల మీద,
చర్చికని ఇస్త్రీ చేసిన చొక్కాల మీద.
గోరువెచ్చని నీళ్ళూ దూదీ పట్టుకుని
అంటుకుపోయిన పిర్రలు తుడవడం నా వంతు.
వాసన భరించలేనని ముక్కు మూసుకు తిరిగే నీల్
అర్ధరాత్రి తొట్టి అంచున కూర్చుని
పరీక్ష చరిత్ర పాఠం వాటికి చదివి వినిపిస్తున్నాడు.
అన్నీ నిద్రపోయాయి. తప్పు వాటిది కాదు.

కోడిపిల్ల నిద్ర చూస్తే భయమేస్తుంది:
నడుస్తూ నడుస్తూ ముఖం నేలకి ఆనించి
రెక్కలు ఎటో పారేసుకుని, చచ్చినట్టే.
"అమ్మా, పోయింది!" అని
గంటకోసారి పరుగెత్తుకొచ్చేవాడు ఆరేళ్ళ కోర్మక్.
వేలితో తాకితే లేచి, ఏమీ ఎరగనట్టు
మేత మీద పడేది.

తొమ్మిదో రాత్రి వాడే అడిగాడు:
"వీటిలో కొసరేది?"
తెలీదన్నాను.
"దానికి తెలుసా?"
దానికీ తెలీదు.
సబ్బుపెట్టె మూత గోటితో గీకుతూ,
నా మొహం చూడకుండా,
"నేనూ కొసరేనా?"

నీల్‌కి పదహారు, ఇష్బెల్‌కి పద్నాలుగు.
ఉయ్యాల అమ్మేశాం, బుల్లి మేజోళ్ళు
చర్చి సంతకి ఇచ్చేశాం,
ఆ తర్వాత వచ్చాడు వీడు.
ఎక్కడ విన్నాడో. మా భోజనాల బల్ల దగ్గరే,
పెద్దవాళ్ళ నవ్వుల్లోనే విని ఉంటాడు.
దూది నా చేతిలోనే ఉండిపోయింది.

ఏం చెప్పేదాన్నో. అప్పుడే కరెంటు పోయింది.
ఆగ్నేయపు గాలి, స్తంభాలు విరిచే గాలి.
ఎర్రదీపం ఆరగానే తొట్టి మొత్తం ఒక్క గొంతు.
దోసిళ్ళతో, తువ్వాళ్ళతో, అత్తగారి ఊలు శాలువాతో
వంటింట్లో కట్టెల పొయ్యి దగ్గరికి మోశాం.
ఇంట్లో మాత్రం కాదన్న మనిషి
స్వెటర్లో పదకొండిటిని వేసుకుని
ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఇష్బెల్ లెక్కపెట్టింది. ఇరవై ఐదు.
"సరిపోయిందిగా," అన్నాడు కోర్మక్, నెమ్మదిగా,
"డబ్బు కట్టింది ఇరవై ఐదుకేగా."

లాక్లన్ ఏమీ అనలేదు.
స్వెటర్లోంచి ఒక్కొక్కటే తీసి నీల్ ఒళ్ళో పోశాడు.
టార్చి, స్క్రూడ్రైవరు పట్టుకుని చీకట్లోకి వెళ్ళాడు.
చలిగదిలో పలక ఊడదీసిన చప్పుడు,
ఒక తిట్టు, మోకాళ్ళు జరిగిన చప్పుడు, ఇంకో తిట్టు.
గంట పట్టింది.
లాబ్‌స్టర్ బుట్టలు తోడే ఆ మొరటు చేతిలో,
గొట్టాల వెనక సాలెగూడంతా ఒంటికి చుట్టుకున్నది,
బతికే ఉంది.
కోర్మక్ దోసిట్లో పెట్టి అన్నాడు:
"నేను ఇంటికి తెచ్చింది ఇరవై ఆరు."

తెల్లవారుజామున పొయ్యిలో కట్టె ఎగదోస్తుంటే
వాడు చాప మీద, ముఖం నేలకి ఆనించి,
చేతులు రెండూ ఎటో పారేసుకుని.
తెలుసు, నిద్రే.
అయినా వంగి
వేలితో తాకి చూశాను.